గ్రీటింగ్ కార్డు కథ, దాని వెనక ముద్ర కథ



ఏటా ఈ నివేదిక పుస్తకంలో ఒక సంఘం తను చేసే పని గురించి రాయడం మనకి అలవాటు. పచ్చళ్ళ వాళ్ళు రాశారు, జనపనార సంచుల వాళ్ళు రాశారు. ఈసారి మా వంతు వచ్చింది. మేము చేసేది గ్రీటింగ్ కార్డులు. రబ్బరు ముద్రలు వేసి, కాగితం పూలు, కాగితం చుట్టలు అతికించి చేత్తో చేసేవి. అమ్మకాల లెక్కలు వేరే పేజీలో ఉన్నాయి, అవి ఇక్కడ మళ్ళీ రాయడం లేదు. ఈ పని ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతుల మీదుగా వచ్చింది అన్నది రాద్దామనుకున్నాం. "కార్డుకి కూడా చరిత్రేంటే" అని మా సంఘంలోనే ఒకక్క నవ్వింది. తీరా వింటూ కూర్చుని పొయ్యి మీద పప్పు మాడబెట్టుకుంది ఆమే.

ఈ చరిత్ర మీదకి మా మనసు పోవడానికి ఒక కారణం ఉంది. పోయినేడాది పట్నంలో ఒక షాపాయన మా దగ్గర కార్డులు టోకున తీసుకున్నాడు. కొత్త సంవత్సరానికి ముందు మా సభ్యురాలు ఒకామె వేరే పని మీద వెళ్ళి, ఆ షాపులో మా కార్డులు చూసింది. ప్రతి కార్డు వెనకా ఆ షాపు స్టిక్కరు అంటించి ఉంది. ధర మాకిచ్చిన దానికి మూడింతలు. "ఇది నేను చేసిన కార్డేనండీ" అని అక్కడున్న పనబ్బాయితో అంటే, "ఋజువేంటమ్మా" అన్నాడట. ఋజువు ఎక్కడుంది? కార్డు వెనక మేము ఒక్క అక్షరం కూడా రాయలేదు. ఆమె ఇంటికొచ్చి రెండు రోజులు కార్డు ముట్టుకోలేదు.

సరే, మొదటి నుంచి వద్దాం. కార్డు కంటే ముందు తపాలా గురించి చెప్పుకోవాలి. తపాలా చవక కాకపోతే కార్డు అనేదే ఉండేది కాదు. బ్రిటన్‌లో 1840కి ముందు ఉత్తరం అంటే ఖర్చుతో కూడిన పని. దూరం పెరిగే కొద్దీ రేటు పెరిగేది. లోపల కాగితాలు ఎన్నో లెక్కపెట్టేవాళ్ళు, కవరు పెడితే దాన్ని కూడా ఇంకో కాగితంగా లెక్కేసేవాళ్ళు. ఆ డబ్బు కూడా చాలాసార్లు ఉత్తరం అందుకున్నవాళ్ళే కట్టుకోవాలి. ఇక పూలు అంటించిన కార్డు ఎవరు పంపుతారు, పంపినా ఎవరు విడిపించుకుంటారు? రోలాండ్ హిల్ అనే ఆయన పట్టుబట్టి దీన్ని మార్పించాడు. 1840 జనవరి నుంచి అర ఔన్సు లోపు ఉత్తరం దేశంలో ఎక్కడికైనా ఒక్క పెన్నీకి వెళ్ళడం మొదలైంది. మే నెలలో అతికించే స్టాంపు వచ్చింది.

మన దేశంలో ఆ మార్పు 1854లో వచ్చింది. పావు తులం బరువు దాకా ఉత్తరం ఎంత దూరమైనా అర్ధణా. (తులాలతో బంగారమే కాదు, ఉత్తరాలు కూడా తూచేవాళ్ళని మాకు అప్పుడే తెలిసింది.) 1879లో పోస్టు కార్డు వచ్చింది, పావు అణా. "చేరగానే ఒక కార్డు ముక్క రాయి" అని మన అమ్మమ్మలు అనేది ఆ కార్డు గురించే.

పెన్నీ తపాలా వచ్చాక ఉత్తరాలు కుప్పలు పడ్డాయి. ఆ తపాలా పనిలో హిల్‌తో పాటు తిరిగిన హెన్రీ కోల్ అనే లండన్ ఉద్యోగికి, క్రిస్మస్ వచ్చేసరికి అందరికీ విడివిడిగా జవాబులు రాసే తీరిక లేకపోయింది. 1843లో జాన్ హార్స్లే అనే చిత్రకారుడి చేత ఒక బొమ్మ గీయించి, వెయ్యి కార్డులు అచ్చు వేయించాడు. రంగులు మాత్రం ఒక్కో కార్డుకీ చేత్తోనే వేయించాడు. తను వాడుకోగా మిగిలినవి ఒక్కోటి ఒక షిల్లింగుకి అమ్మకానికి పెట్టారు. షిల్లింగంటే పన్నెండు పెన్నీలు. అంటే స్టాంపు ఖరీదుకి పన్నెండింతలు పెట్టి కార్డు కొనాలి. చేతిపని కార్డు ఖరీదైనది అన్న మాట మొదటి రోజు నుంచే ఉందన్నమాట.

ఆ బొమ్మ సంగతి కూడా చెప్పాలి. రెండు పక్కలా పేదలకి అన్నం పెట్టడం, బట్టలివ్వడం గీశారు. మధ్యలో ఒక కుటుంబం గ్లాసులెత్తి వైను తాగుతూ ఉంటుంది, ఒక చిన్నపిల్లకి కూడా పట్టిస్తున్నారు. మద్యం వద్దనే సంఘాల వాళ్ళు అప్పట్లో దాని మీద గొడవ పెట్టారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని చూసిన మన పెద్దవాళ్ళని అడగండి, ఆ గొడవ పెట్టినవాళ్ళదే న్యాయం అంటారు. మా మాట కూడా అదే.

ఇప్పుడు అసలు కథ. దీని కోసమే ఇంత దూరం వచ్చాం.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో వూస్టర్ అనే ఊరు ఉంది. అక్కడ ఎస్తేర్ హౌలండ్ అనే అమ్మాయి 1828లో పుట్టింది. వాళ్ళ నాన్నకి పుస్తకాలు, కాగితాలు అమ్మే పెద్ద దుకాణం. 1847లో ఆ అమ్మాయి చదువు ముగించుకుని ఇంటికొచ్చింది. ఆ రోజుల్లోనే నాన్న వ్యాపార స్నేహితుడి నుంచి ఇంగ్లండులో చేసిన ఒక వాలెంటైన్ కార్డు వచ్చింది. వాలెంటైన్ అంటే ఫిబ్రవరి 14న ఇష్టమైనవాళ్ళకి పంపుకునే కార్డు. మన ఊళ్ళల్లో ఆ రోజు పేరెత్తితే పెద్దవాళ్ళు మొహం చిట్లిస్తారు, మాకు తెలుసు. కానీ కార్డుల పని ఆడవాళ్ళ చేతికి వచ్చింది ఆ రోజు పుణ్యానే, కాబట్టి రాయక తప్పదు.

ఆ కార్డు చుట్టూ కాగితం లేసు ఉంది. కాగితాన్ని ముందు అచ్చు మీద నొక్కుతారు. డిజైను ఉబ్బెత్తుగా పైకి లేస్తుంది. ఆ ఉబ్బిన చోట ఆకురాయితో రాస్తే అక్కడ కాగితం అరిగిపోయి చిల్లులు పడతాయి. మిగిలిందే లేసు. ఇంగ్లండు వాళ్ళు దాన్ని గుడ్డ లేసే అనుకునేంత సన్నగా చేసేవాళ్ళు. అలాంటి కార్డులు అమెరికాకి ఓడల్లో రావాలి, ఖరీదు ఎక్కువ. "ఇది మనమే ఎందుకు చేయకూడదు" అనుకుంది ఎస్తేర్. నాన్న చేత ఇంగ్లండు నుంచి లేసు కాగితం, న్యూయార్కు నుంచి రంగు కాగితాలు, పూల బొమ్మలు తెప్పించుకుంది. ఓ డజను కార్డులు నమూనాకి చేసింది.

వాళ్ళ అన్నదమ్ముల్లో ఒకతను దుకాణం పని మీద ఊళ్ళు తిరుగుతుంటే, వాటిని చూపించమని ఇచ్చింది. రెండు వందల డాలర్ల ఆర్డర్లు వస్తే చాలనుకుంది. అతను అయిదు వేల డాలర్లకి మించిన ఆర్డర్లు పట్టుకొచ్చాడు. ఇరవై అయిదు రెట్లు! మనకి ఎగ్జిబిషన్‌లో యాభై కార్డులకి ఆర్డరొస్తేనే కాళ్ళూ చేతులూ ఆడవు. ఆమెకి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి.

ఒక్కర్తి వల్ల కాదు కదా. స్నేహితురాళ్ళని పిలిచింది. ఇంటి పై అంతస్తులో పొడుగాటి బల్ల వేశారు. ఒకామె బొమ్మలు కత్తిరిస్తుంది, ఇంకొకామె వాటిని రకాలుగా వేరు చేస్తుంది, మరొకామె అడుగు కాగితం సిద్ధం చేస్తుంది, తరవాతామె లేసు అతికిస్తుంది. ఎస్తేర్ చేసిన నమూనా ఎదురుగా ఉంటుంది, దాన్ని చూసి మిగతావాళ్ళు చేస్తారు. కార్డు చేతులు మారుతూ బల్ల చివరికి వచ్చేసరికి పూర్తవుతుంది. ఇల్లు కదలలేని ఆడవాళ్ళకి సామానంతా పెట్టెలో సర్ది ఇంటికే పంపేవాళ్ళట. వారానికోసారి బండి వచ్చి, చేసినవి తీసుకుని కొత్త పెట్టె ఇచ్చి పోయేది. చంటిపిల్లల తల్లులకి మేము కూడా ఇలాగే సంచుల్లో పంపుతున్నాం. ఈ ఉపాయం మాదే అనుకున్నాం. నూట డెబ్బై ఏళ్ళ పైబడి ముందే ఉంది!

ఆమె పనితనం గురించి నాలుగు మాటలు, చేసేవాళ్ళకి పనికొస్తాయని. తెల్ల లేసు కింద చిన్న రంగు కాగితం ముక్క పెట్టేది, దాంతో లేసు డిజైను ఎత్తి కనిపించేది. కాగితం పట్టీని విసనకర్ర మడతల్లాగా మడిచి, రెండు పొరల మధ్య స్ప్రింగులా అంటించేది. పై పొర ఎత్తుగా నిలబడి, కింద నీడ పడేది. ఇప్పుడు మనం ఫోమ్ టేపు పెట్టి చేసేది అదే. టేపు చుట్ట కొనాలంటే డబ్బు పోవాలి. ఈ మడత పట్టీ మిగిలిన ముక్కలతో వస్తుంది. ఈ సంగతి చదివాక మేము టేపు కొనడం బాగా తగ్గించాం.

ఇంకొకటి మాకు బాగా నచ్చింది. కార్డు అందంగా ఉన్నా లోపలి మాటలు నచ్చక కొనేవాళ్ళు వెనక్కి పెట్టేస్తారు. అందుకని 1879లో ఆమె కంపెనీ ఒక చిన్న పుస్తకం వేసింది. అందులో నూట ముప్పై ఒక్క పద్యాలు. కొన్నవాళ్ళు తమకి నచ్చింది ఎంచుకుని, కార్డు లోపల ఉన్న దాని మీద అంటించుకోవచ్చు. మనకి తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, పేరంటానికి ఒకటి, పుట్టినరోజుకి ఒకటి అని విడివిడిగా కార్డులు చేసి మిగిలిపోతున్నాయి. లోపల ఖాళీగా ఉంచి, మాటల చీటీలు వేరుగా ఇస్తే సరిపోతుంది కదా.

1866లో ఆమె మోకాలికి దెబ్బ తగిలి చక్రాల కుర్చీకి పరిమితమైంది. అయినా పని ఆపలేదు, 1870 తరవాత న్యూ ఇంగ్లండ్ వాలెంటైన్ కంపెనీ అని పేరు పెట్టింది. ఏడాదికి లక్ష డాలర్ల వ్యాపారం దాకా వెళ్ళిందని చెబుతారు. పెళ్ళి చేసుకోలేదు. 1880 దాటాక, తండ్రికి జబ్బు చేస్తే చూసుకోవడానికి వ్యాపారాన్ని అదే ఊరి జార్జి విట్నీకి అమ్మేసింది. 1904లో చనిపోయింది. లక్ష డాలర్ల వ్యాపారమున్నా ముసలి తండ్రిని చూసుకోవాల్సింది కూతురే. ఆ మాట దగ్గర మా మీటింగులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. విట్నీ వాళ్ళ కంపెనీ 1942 దాకా నడిచి, యుద్ధంలో కాగితం కరువొచ్చి మూతపడింది.

ఇక వెనక ముద్ర సంగతి. ఎస్తేర్ కార్డుల వెనక ఎర్రగా చిన్న ‘హెచ్’ అక్షరం ఉంటుంది. హౌలండ్‌లో హెచ్. కంపెనీ పెట్టాక కంపెనీ పేరులోని అక్షరాలు వేశారు. విట్నీ చేతికి వచ్చాక ‘డబ్ల్యూ’. ఇవాళ పాత కార్డులు దాచుకునేవాళ్ళు ముందు వెనక్కి తిప్పి చూసేది ఆ అక్షరాన్నే. అది ఉంటే ఒక విలువ, లేకపోతే ఒక విలువ. ఆమె ఆ ఒక్క అక్షరం వేసుకోబట్టే మేము కూడా ఇవాళ ఆమె కథ చెప్పుకుంటున్నాం. అయితే పొడుగాటి బల్ల దగ్గర పువ్వు కత్తిరించినామె, లేసు అంటించినామె, పెట్టె ఇంటికి తెచ్చుకుని దీపం కింద అతికించినామె ఎవరో ఆ హెచ్ చెప్పదు. ఆమె మంచిదే కావచ్చు, కూలి కూడా బాగానే ఇచ్చి ఉండొచ్చు. కానీ ఇది చదివినప్పటి నుంచి మాకు ఇది ఒక ముల్లులా ఉంది. షాపాయన మా పేరు దాచాడని కోపం తెచ్చుకున్నాం. రేపు మేము సంఘం పేరు వేస్తే, చేసినామె పేరు మేము దాచినట్టు కాదా?

రబ్బరు ముద్రల కథ కూడా అదే రాష్ట్రంలో మొదలైంది. అంతకు ముందు రబ్బరు ఎండకి కరిగి జిగటయ్యేది, చలికి పగిలేది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్, రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే అది గట్టిపడి, సాగుతూ కూడా ఉంటుందని కనిపెట్టాడు. 1844లో పేటెంటు తీసుకున్నాడు. పాపం, ఆ పేటెంటు కోసం కోర్టుల చుట్టూ తిరిగి అప్పుల్లోనే 1860లో పోయాడు. ఆయన పేరుతో ఉన్న టైర్ల కంపెనీ ఆయన చనిపోయిన చాలా ఏళ్ళకి, 1898లో, వేరేవాళ్ళు పెట్టింది. ఆయనకీ దానికీ సంబంధం లేదు. మాకు పని ఉంది, పేరు లేదు. ఆయనకి పేరు మిగిలింది, డబ్బు వేరేవాళ్ళకి పోయింది.

ఆ రబ్బరుతో ముందు కట్టుడు పళ్ళ చిగుళ్ళు చేశారు. పళ్ళ డాక్టర్ల దగ్గర రబ్బరు ఉడికించే చిన్న కుండల్లాంటి యంత్రాలుండేవి. 1860ల్లో అమెరికాలో రబ్బరు ముద్రలు మొదలైనప్పుడు వాటిని తయారు చేసింది కూడా ఆ యంత్రాల్లోనే. అప్పటి నుంచి వందేళ్ళ పాటు రబ్బరు ముద్ర అంటే ఆఫీసుదే. తేదీ, ‘చెల్లించబడినది’, అధికారి హోదా. మనకీ అంతే కదా. సంఘం పెట్టినప్పుడు బ్యాంకు ఖాతా కోసం అధ్యక్షురాలు, కార్యదర్శి ముద్రలు చేయించుకున్నాం గుర్తుందా? మనలో చాలామంది పేరు మొదటిసారి అచ్చులో చూసుకున్నది ఆ తీర్మానం కాగితం మీదే.

1970లు, 80ల్లో అమెరికాలో కొందరు కళాకారులు, ఇల్లు నడుపుకునే ఆడవాళ్ళు పూలు, పిట్టలు, ఆకులతో ముద్రలు చేయించుకుని కార్డులు వేయడం మొదలుపెట్టారు. 1988లో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ‘స్టాంపిన్ అప్’ అనే కంపెనీ పెట్టి, ఇళ్ళల్లో ఆడవాళ్ళని కూర్చోబెట్టి ముద్ర వేయడం చూపిస్తూ ముద్రలు, కాగితాలు అమ్మించారు. మా శిక్షణలో మేడం నేర్పిన పద్ధతులు చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే.

అంటే అచ్చు వేయడం మనకి కొత్తా అంటే కాదు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ గుడ్డ మీద టేకు చెక్క అచ్చులు ఎన్ని తరాల నుంచో వేస్తున్నారు. అయితే ఒక తేడా ఉంది. చెక్క అచ్చు గట్టిది, అందుకని బల్ల మీద గుడ్డలు పొరలుగా పరిచి మెత్తగా చేసుకుంటారు. మనది తిరగేసిన పద్ధతి. ముద్ర మెత్తన, బల్ల గట్టిగా ఉండాలి. చాప మీద కూర్చుని చాప మీదే ముద్ర వేస్తే గీత అలికిపోతుంది. నిటారుగా నొక్కి నిటారుగా ఎత్తాలి, ఊపకూడదు. ఇది తెలియక మొదట్లో మేము ఎన్ని అట్టలు పాడుచేశామో చెప్పుకుంటే సిగ్గు.

మన దేశంలో కార్డులు కొన్నవాళ్ళు, పంపినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. జనవరి ఒకటికి ముందు వారం రోజులు ఫ్యాన్సీ షాపుల ముందు బల్లలేసి సినిమా హీరోల కార్డులు, రోజా పూల కార్డులు పరిచేవాళ్ళు. కవరు అంటించకుండా పైన ‘బుక్ పోస్ట్’ అని రాస్తే తక్కువ స్టాంపుతో పోయేది. 1979లో రిప్పన్ కపూర్ అనే విమాన ఉద్యోగి, స్నేహితులతో కలిసి యాభై రూపాయలతో ‘క్రై’ సంస్థ మొదలుపెట్టి, కార్డులు అమ్మి పిల్లల కోసం డబ్బు కూడబెట్టాడు. దానికి ముందే యునిసెఫ్ ఈ దారి పట్టింది. 1949లో చెకొస్లొవేకియాలో ఏడేళ్ళ యిట్కా సామ్‌కోవా అనే పాప, యుద్ధం తరవాత అందిన సాయానికి కృతజ్ఞతగా ఒక బొమ్మ వేసింది. కాగితం దొరక్క గాజు పలక మీద వేసింది. యునిసెఫ్ మొదటి కార్డు అదే. ఏడేళ్ళ పిల్ల. డెబ్బై ఏళ్ళు దాటినా ఆమె పేరు మేము ఇక్కడ రాయగలుగుతున్నాం.

సెల్‌ఫోన్లు వచ్చాక ఆ బల్లలు మాయమయ్యాయి. ఇప్పుడు శుభాకాంక్షలు ఫోనులో వస్తాయి, మధ్యాహ్నానికి తుడిచేస్తాం. అచ్చు కార్డులు దాదాపు పోయాయి. చేతిపని కార్డు మాత్రం అడిగి కొనేవాళ్ళు కొందరున్నారు. ఎందుకు కొంటున్నారు అని ఒక టీచరమ్మని అడిగితే, "ఇది ఎవరో నాకోసం కూర్చుని చేసినట్టుంటుంది" అంది. ఆ ‘ఎవరో’ దగ్గరే మా మీటింగు రెండు వారాలు సాగింది.

సంఘం పేరు చాలు, అందరం కలిసే కదా చేస్తాం అన్నారు కొందరు. నిజమే, ఒక కార్డు నలుగురి చేతులు దాటుతుంది. నా పేరు షాపుల్లో తిరగడం మా ఇంట్లో ఒప్పుకోరు అంది ఒక చెల్లి. ఆమెని బలవంతపెట్టడం న్యాయం కాదు. పేరుంటే తప్పు వచ్చినప్పుడు కూడా పట్టుబడతాం అని ఇంకొకామె. అందరూ నవ్వారు గానీ అదీ నిజమే. చివరికి తీర్మానం రాసుకున్నాం. కార్డు వెనక వేయడానికి ఒక రబ్బరు ముద్ర చేయించాలి. అందులో సంఘం పేరు, మండల సమాఖ్య పేరు, ‘చేసినవారు’ అని ఒక ఖాళీ గీత. కార్డు పూర్తి చేసినామె ఇష్టమైతే ఆ గీత మీద పెన్నుతో తన పేరు రాస్తుంది, లేకపోతే ఖాళీగా వదిలేస్తుంది. వెనక ముద్ర లేని కార్డు టోకుకి ఇవ్వం. స్టిక్కరుతో దాన్ని కప్పేవాళ్ళకి మళ్ళీ సరుకు ఇవ్వం.

ముద్ర సంక్రాంతికి ముందు వచ్చింది. మొదటి కార్డు మీద సిరా ఎక్కువై ‘సమాఖ్య’ అన్న మాట అలికింది. దాన్ని పక్కన పెట్టి రెండోది వేశాం. ఋజువేంటని అడిగించుకున్నామె పెన్ను తీసుకుని, ఇంటిపేరుతో సహా తన పేరు పూర్తిగా రాసింది. గీత చాలక చివరి అక్షరాలు అట్ట అంచు దాకా వెళ్ళాయి. తరవాత ముద్రకి గీత పొడుగు పెంచమని చెప్పాం.